కంజి తొట్టి నుంచి కాలువ గట్టు దాకా

సోమవారం

నెల్లూరులో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నం భోజనాల వేళకి చెన్నై సెంట్రల్‌లో దిగుతాం. మా వైపు వాళ్ళకి మద్రాసులో ఇప్పటికీ రెండే పనులు: పెళ్ళి బట్టలకి టీ నగర్, పెద్ద జబ్బుకి పెద్దాస్పత్రి. మేం రెండో పని మీద బయల్దేరాం. పెద్దమ్మకి కేన్సర్ ఆపరేషన్ అయ్యి చాలా కాలమైంది, ఇప్పుడు ఉన్నవి చెకప్పులే. అయినా స్కానింగ్ ఉందంటే ఇంటిల్లిపాదికీ టెన్షన్, ఆవిడకి తప్ప. కిటికీ పక్క సీటు కోసం ఒకాయనతో నాయుడుపేట దాకా వాదించి సాధించుకుంది. సూళ్ళూరుపేట దాటేసరికి ఆయనకే పులిహోర పెట్టి, వాళ్ళమ్మాయికి ఇంకా సంబంధం కుదరలేదన్న సంగతి కూడా రాబట్టింది.

తడ దాటాక స్టేషన్ల పేర్లు తమిళంలోకి మారిపోతాయి. గుమ్మిడిపూండి, తర్వాత పొన్నేరి. ఈ పొన్నేరిని గుర్తుపెట్టుకోండి, బుధవారం దీనితో పని ఉంది.

సెంట్రల్ నుంచి సబ్‌వేలో రోడ్డు దాటి, పార్క్ టౌన్‌లో ఎంఆర్‌టీఎస్ లోకల్ రైలెక్కి కస్తూర్బా నగర్‌లో దిగాం. బకింగ్‌హామ్ కాలువ పక్కనే ఎత్తున కట్టిన స్టేషను అది. కింద కాలువ నీళ్ళు నల్లగా ఉంటాయి, వాసన గురించి చెప్పక్కర్లేదు. ఒకప్పుడు ఇదే కాలువలో పడవల మీద మన కాకినాడ వైపు నుంచి సరుకు మద్రాసు దాకా వచ్చేదంటే ఇప్పుడెవరూ నమ్మరు. ఆ గట్టు మీదే అడయారు కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ పాత ఆవరణ.

చుట్టుపక్కల వీధుల్లో రోగులతో వచ్చినవాళ్ళకి రోజువారీ అద్దెకి గదులు ఇస్తారు. మాకు దొరికిన గదిలో ఒక మంచం, ఒక చాప, ఒంటి బర్నర్ స్టవ్వు, గోడకి మేకులు. అంతే. రెండు జతల బట్టలు, ఒక గిన్నె, ఒక ఫైలు. ఇంట్లో మూడు బీరువాలున్న మనిషి కూడా ఇక్కడికొచ్చాక ఒక్క సంచీతో సరిపెట్టుకుంటాడు. నిరాడంబరంగా బతకడం గురించి ఉపన్యాసాలు చెప్పేవాళ్ళు ఈ వీధిలో రెండు రోజులుంటే ఉపన్యాసం సగానికి తగ్గుతుంది. ఇక్కడ అది ఎవరూ ఎంచుకున్నది కాదు, వచ్చి మీద పడ్డది. ఎంచుకుని అలా బతికినవాళ్ళ సంగతి వేరు, వాళ్ళలో ఒకావిడ ఈ కాలువ గట్టునే ఉండేది.

మంగళవారం

పొద్దున్నే ఓపీ. టోకెన్ తీసుకుని కూర్చుంటే మన భాష నాలుగు వైపుల నుంచీ వినిపిస్తుంది. నెల్లూరు యాస, మదనపల్లె యాస, అనంతపురం యాస. "మీది ఎక్కడ?" అన్న ప్రశ్నకి మామూలుగా ఊరి పేరు చెబుతాం. ఇక్కడ కొందరు తడుముకోకుండా "నోట్లో", "గర్భసంచి" అని జవాబిస్తారు. మొదట్లో నాకు ఒళ్ళు జలదరించేది. పెద్దమ్మ మాత్రం "నాది రొమ్ములో. తీసేశారు, హాయిగా ఉండా" అంటుంది. పక్కన కొత్తగా వచ్చి బిక్కుబిక్కుమంటూ కూర్చున్న అమ్మాయికి ఆ ఒక్క మాట డాక్టరు మాటకంటే ఎక్కువ పనిచేయడం నేను కళ్ళారా చూశాను.

ఈ ఆస్పత్రి 1954లో 12 పడకలతో మొదలైంది. మొదలుపెట్టినావిడ డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి. పుదుక్కోటలో 1886లో పుట్టి, ఆడపిల్లలకి కాలేజీ చదువే వింత అనుకునే రోజుల్లో 1912లో డాక్టరయ్యారు. 1927లో మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టి దేవదాసీ వ్యవస్థ మీద పోరాడారు. దిక్కులేని ఆడపిల్లలకి నీడగా అవ్వై హోమ్ పెట్టారు. సొంత చెల్లెలు కేన్సర్‌తో కళ్ళముందే పోవడం చూసినావిడ. ఆ రోజుల్లో కేన్సర్ ఆస్పత్రి కావాలంటే, ఎలాగూ చచ్చేవాళ్ళకి ఆస్పత్రి ఎందుకన్నట్టు ఉండేది లోకం తీరు. అరవై దాటిన వయసులో ఆవిడ చందాలకి తిరిగారు. 1952లో నెహ్రూ శంకుస్థాపన చేశారు.

1955లో వచ్చి చేరిన డాక్టర్ శాంత కథ నాకు ఇంకా ఇష్టం. సర్వీస్ కమిషన్ పరీక్ష పాసై, సర్కారు ఆస్పత్రిలో ఉద్యోగం చేతిలో ఉండగా దాన్ని వదులుకుని ఇక్కడికొచ్చారు. కొంతకాలం జీతమే లేదు. తర్వాత నెలకి 200 రూపాయలు, ఆవరణలోనే ఉండడానికి చోటు. 2021 జనవరిలో 93 ఏళ్ళ వయసులో పోయేదాకా నివాసం ఆస్పత్రి ఆవరణలోనే. మధ్యలో 2005లో మెగసెసే, 2016లో పద్మవిభూషణ్ వచ్చాయి. అవార్డులు వచ్చాక కూడా చిరునామా మారలేదు.

దీన్ని త్యాగం అని పొగిడి ఊరుకోవడం నాకు నచ్చదు. లెక్క వేరుగా ఉందనిపిస్తుంది. ఇంటికీ వార్డుకీ మధ్య నాలుగడుగులే ఉంటే రాత్రి రెండింటికి పిలిచినా రావచ్చు. ఇల్లు దూరంగా, పెద్దగా ఉంటే ఆ ఇంటికి ఈఎంఐ ఉంటుంది. ఈఎంఐకి ప్రైవేటు ప్రాక్టీసు కావాలి, ప్రాక్టీసుకి సాయంత్రాలు కావాలి. చిన్నగా బతకడం వల్ల మిగిలిందంతా నేరుగా రోగికే చేరింది. డబ్బుకంటే ముందు, టైము.

మధ్యాహ్నం అమ్మ ఉణవగంలో తిన్నాను. 2013లో జయలలిత ప్రభుత్వం కార్పొరేషన్ ద్వారా పెట్టిన క్యాంటీన్లివి. పొద్దున ఇడ్లీ రూపాయి, పొంగల్ ఐదు రూపాయలు. మధ్యాహ్నం సాంబారన్నం ఐదు, పెరుగన్నం మూడు. నిలబడి తినాలి. వడ్డించేది పొదుపు సంఘాల ఆడవాళ్ళు. గరిటె పట్టుకున్నావిడ నా ముందున్న ముసలాయన కంచంలో సాంబారన్నం పెట్టి, ఆయన వణికే చెయ్యి చూసి, కంచాన్ని తనే తీసుకెళ్ళి బల్ల మీద పెట్టి వచ్చింది. ఒక్క మాట మాట్లాడలేదు. వెనక క్యూ ఆగింది, ఎవరూ గొణగలేదు. రుచి గురించి అడిగితే, ఉప్పు ఒక రవ్వ తక్కువ.

అడగకపోయినా ఒక మాట చెప్పాలి. ఊళ్ళో పెద్దాస్పత్రుల ముందు ఆదివారాలు, పుట్టినరోజులు, వర్ధంతులప్పుడు బిర్యానీ పొట్లాలు పంచేవాళ్ళు వస్తారు. ఒకేసారి మూడు బ్యాచులు దిగుతాయి. ఫొటోలు అవుతాయి. పొట్లాలు మిగిలిపోయి కుక్కలు లాక్కుపోతాయి. మంగళవారం రాత్రి తొమ్మిదింటికి ఎవరూ ఉండరు. ఇచ్చేవాళ్ళ మనసు మంచిదే, కాదనను. కానీ నోటి కేన్సర్‌కి రేడియేషన్ తీసుకుంటున్న మనిషి బిర్యానీ ఎలా మింగుతాడో ఆ పొట్లం కట్టేటప్పుడు ఎవరైనా ఒక్కసారి ఆలోచించారా? నోరంతా పుళ్ళు. మంచినీళ్ళే మండుతాయి.

మా పక్క గదిలో అలాంటి మనిషే ఉన్నాడు. మదనపల్లె దగ్గర పల్లె నుంచి వచ్చాడు, టమాటా రైతు. భార్య తోడుంది. ఆయనకి ముక్కులోంచి గొట్టం వేశారు, తిండంతా అందులోంచే. పెద్దమ్మ సాయంత్రం వాళ్ళ తలుపు దగ్గర నిలబడి అంతా చూసి, వచ్చి తన సంచీలోంచి రాగి పిండి తీసింది.

"ఏందే పెద్దమ్మా, నీ కోసం తెచ్చుకున్నావు కదా?"

"నాకు నమిలేదానికి పళ్ళుండాయి లేరా."

రాగి జావ కాయడం తెలియనిదేం కాదు. గొట్టంలో పోసే జావ వేరు. పిండిని చన్నీళ్ళలో ఉండ లేకుండా కలిపి, సన్న సెగ మీద కలుపుతూనే ఉండాలి. కొంచెం చిక్కబడ్డా లాభం లేదు, గొట్టం మూసుకుపోతుంది. దించి, పాలు కలిపి, పల్చటి గుడ్డలో వడకట్టింది. గుడ్డలో మిగిలిన పొట్టు చూసి ఇంకోసారి వడకట్టింది. ముంజేతి మీద చుక్క వేసుకుని వేడి చూసుకుంది. అవతల ఆ భార్య మొగుడి వీపు వెనక దిళ్ళు పెట్టి నిటారుగా కూర్చోబెట్టింది. పెద్ద సిరంజిని గొట్టానికి తగిలించి, పైకెత్తి పట్టుకుని జావ పోసింది. నొక్కకూడదు, దానంతటదే దిగాలి. నర్సు నేర్పించిందట. చివర్లో కాసిని నీళ్ళు పోసి గొట్టం కడగాలి. గ్లాసుడు జావకి చాలాసేపు పట్టింది. ఆయన ఆ సేపంతా కళ్ళు మూసుకుని, గొంతులో దిగుతున్నట్టే గుటకలు వేశాడు. రుచి తెలియదు కదా అనుకున్నాను. అయ్యాక ఒక కాగితం తీసుకుని "రాగులా?" అని రాశాడు. వాసన పట్టేశాడు.

బుధవారం

రిపోర్టులు శుక్రవారం ఇస్తామన్నారు. ఈ రోజు నాకు ఖాళీ, పెద్దమ్మకి కాదు. రెండు గంటలకోసారి జావ డ్యూటీ పెట్టుకుంది. నన్ను పొమ్మంది, నేను ఉత్తర చెన్నైకి పోయాను.

బీచ్ స్టేషన్లో రైలు మారి వణ్ణారపేట వైపు. అక్కడ పాత జైలు రోడ్డులో స్టాన్లీ ఆస్పత్రి. పాతవాళ్ళు దీన్ని ఇప్పటికీ కంజి తొట్టి ఆస్పత్రి అనే అంటారు. ఎందుకంటే 1782లో ఇక్కడ గంజి పోసేవాళ్ళు. హైదర్ అలీకీ కంపెనీకీ యుద్ధం నడుస్తున్న రోజులు. పొలాలు తగలబడి, చెరువులు తెగి, పల్లెలకు పల్లెలు తిండి లేక పట్నం దారి పట్టాయి. ఆ వచ్చిపడ్డవాళ్ళకి పోసిన గంజి కేంద్రమే మణెగార్ సత్రం అయింది. కరువు పోయింది కానీ సత్రం మూతపడలేదు, ముసలివాళ్ళూ రోగిష్టివాళ్ళూ మిగిలిపోయారు. 1799లో జాన్ అండర్‌వుడ్ అనే డాక్టరు అక్కడే వైద్యం మొదలుపెట్టాడు. అది పెరిగి పెరిగి ఇవాళ్టి స్టాన్లీ మెడికల్ కాలేజీ, ఆస్పత్రి.

చరిత్రలో ఇలాంటివి చదివితే ఒక సంగతి నన్ను ఆపుతుంది. ఎవరూ ఆస్పత్రి కడదామని మొదలుపెట్టలేదు. ఆకలిగొన్నవాడికి గంజి పోశారు. గంజి తాగినవాడికి జ్వరం ఉందని తెలిసింది, మందు కావాల్సి వచ్చింది. పక్కన నిలబడితేనే రెండోది కనిపిస్తుంది. కారులోంచి పొట్లం అందించి పోయేవాడికి జ్వరం తగలదు.

గేటు బయట చెట్టు కింద ఒక పెద్దాయన లుంగీ పైకి కట్టుకుని కూర్చుని ఉన్నాడు. తమిళంలో మొదలుపెట్టి, నా తమిళం విని జాలిపడి, తెలుగులోకి దిగాడు. వాళ్ళ తాతల కాలంలో కడప నుంచి వచ్చారట. కొడుకు లోపల సర్జరీ వార్డులో ఉన్నాడు. "ఇక్కడ పైసా అడగరు. కానీ తెలిసినవాడు ఒకడుండాలి, లేకుంటే ఏ కౌంటరో తెలియక తిరిగి తిరిగి సగం రోజు పోతుంది" అన్నాడు. నిజం. ఈ ఊళ్ళో ఎవరికైనా సాయం చేయాలనుంటే, డబ్బు లేకపోయినా, తమిళం చదవగలిగితే చాలు. ఒక పూట కౌంటర్లు చూపించండి.

అక్కణ్ణుంచి ఆటోలో ఏళుకిణరు. షావుకారుపేటలో ఇరుకు సందులు, ఎటు చూసినా హోల్‌సేల్ కొట్లు, నెత్తి మీద కరెంటు తీగల అల్లిక. వీరాస్వామి వీధిలో తమిళ సాధువు రామలింగస్వామి, అంటే వళ్ళలార్, ఉన్న ఇల్లు ఇప్పటికీ ఉంది. 1823లో చిదంబరం దగ్గర మరుదూరులో పుట్టారు. పసితనంలోనే తండ్రి పోతే తల్లి పిల్లల్ని తీసుకుని పుట్టింటికి చేరింది. ఆ పుట్టిల్లు పొన్నేరి దగ్గర. సోమవారం మా రైలు దాటిన పొన్నేరే. అక్కణ్ణుంచి మద్రాసు, ఈ వీధి. బడికి పంపితే బడికి పోకుండా కందకోట్టం మురుగన్ గుడికి పోయి పాటలు కట్టేవాడు. గుడి ఇక్కడికి దగ్గరే, నేనూ వెళ్ళొచ్చాను. రద్దీ, చెమట, విభూతి.

ఆయన మద్రాసు వదిలి 1858లో దక్షిణానికి వెళ్ళిపోయారు. 1867లో వడలూరులో ధర్మశాల పెట్టారు. కులం అడగకుండా ఎవరొచ్చినా అన్నం పెట్టాలని నియమం. ఆ రోజు వెలిగించిన పొయ్యి ఇప్పటిదాకా ఆరలేదు. ఒంటి మీద తెల్లటి గుడ్డ తప్ప ఇంకో ఆడంబరం లేని మనిషి. ఎండిన పైరుని చూసినా ఆయన ప్రాణం విలవిల్లాడేదని తమిళులు చెప్పుకుంటారు. ఆయన బోధనంతా జీవకారుణ్యం చుట్టూనే తిరుగుతుంది, అందులోనూ ఆకలి తీర్చడమే ముందు. పూజలూ ధ్యానాలూ దాని తర్వాతే. ఆయన పుట్టినరోజు అక్టోబరు 5ని తమిళనాడు ప్రభుత్వం 2021 నుంచి కరుణ దినంగా జరుపుతోంది. ప్రభుత్వాలకి దినాలు ప్రకటించడం సులువే అనుకోండి.

రాత్రి గదికొచ్చి పెద్దమ్మకి ఆరని పొయ్యి సంగతి చెప్పాను. భక్తిగా దణ్ణం పెడుతుందనుకున్నాను.

"రాత్రిళ్ళు కట్టెలు ఎవరేస్తార్రా?"

"ఎవరో ఒకరు ఉంటారు పెద్దమ్మా."

"ఎవరో ఒకరు అంటే ఆరిపోద్ది. పేరు చెప్పి అప్పజెప్పి ఉంటారు."

గురువారం

పెద్దమ్మని బలవంతాన బయటికి తీసుకొచ్చాను. మైలాపూర్. ముందు కపాలీశ్వరుడు, తర్వాత రాయపేట హైరోడ్డులో అమరజీవి పొట్టి శ్రీరాములు స్మారక భవనం. 1952 అక్టోబరు 19న బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో నిరాహార దీక్ష మొదలై, డిసెంబరు 15 రాత్రి ఆయన ప్రాణం పోయిన చోటు. రాష్ట్రం కథ అందరికీ తెలుసు, మళ్ళీ చెప్పను.

మా పెద్దమ్మ ఉండేది నెల్లూరు మూలపేటలో. అక్కడి వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనుల్ని రానివ్వాలని శ్రీరాములు 1946లో నిరాహార దీక్ష చేశారు. ఆ గుడి ముందే ఆవిడ పూలు కొనుక్కుంటుంది. ఈయన మద్రాసులోనే 1901లో పుట్టి, బొంబాయిలో శానిటరీ ఇంజనీరింగ్ చదివి, రైల్వేలో మంచి ఉద్యోగం చేశారు. భార్యా బిడ్డా పోయాక ఉద్యోగం వదిలి గాంధీ ఆశ్రమానికి వెళ్ళారు. చివరి రోజుల్లో నెల్లూరు ఎండలో చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా, అంటరానితనం వద్దని రాసిన అట్టలు మెళ్ళో వేసుకుని తిరిగేవారు. మా తాతయ్య చూశాడట. మే నెలలో నెల్లూరు ఎండలో చెప్పుల్లేకుండా పది అడుగులు వేసినవాళ్ళకి మాత్రమే తెలుస్తుంది ఆ పనేమిటో.

పెద్దమ్మ ఫొటో ముందు కాసేపు నిలబడి, "ఈయన బతికుంటే మా వీధిలో ఇంకో రెండు గుళ్ళ దగ్గర ఈయనకి పని ఉండాది" అంది. అక్కడున్న ఇంకో కుటుంబం మా వైపు అదోలా చూసింది.

తిరిగొస్తుంటే అడయారులో దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు మీదున్న ఆస్పత్రి కనిపించింది. రాజమండ్రి ఆడపిల్ల, మద్రాసులో 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టింది. దిగి చూద్దామంటే పెద్దమ్మ గడియారం చూపించింది. జావ టైమైంది.

శుక్రవారం

రిపోర్టు బాగుంది. మళ్ళీ ఏడాదికి రమ్మన్నారు. నేను ఫోన్లు చేస్తున్నాను. పెద్దమ్మ అప్పుడే పక్క గదిలో ఉంది. మిగిలిన రాగి పిండి, వడకట్టే గుడ్డ వాళ్ళకి ఇచ్చేసి, పాళ్ళు రెండుసార్లు చెప్పి, ఆ భార్య చేత తిరిగి చెప్పించుకుంది. ఆ పైవారం నెల్లూరు నుంచి రావాల్సిన వాళ్ళు ఎవరో కనుక్కుని, వాళ్ళ ఫోను నంబరు కూడా ఇచ్చింది. పిండి అయిపోయేసరికి ఇంకో సంచీ వస్తుందన్నమాట.

రైల్లో ఈసారి కిటికీ సీటు గొడవ లేకుండానే దొరికింది. గూడూరు దగ్గర అంది: "వచ్చేసారికి అయిదు కేజీలు తెద్దాం."

"పెద్దమ్మా, రాగి పిండి మద్రాసులో దొరకదా ఏంది? ప్రతి కొట్లో ఉంటుంది."

"ఉంటుంది. మన మిల్లులో ఆడించింది కాదుగా. పైగా వడకట్టేదానికి ఇంకా మెత్తగా ఆడించాలి. నేను దగ్గరుండి చెప్తా."

"అయిదు కేజీలు ఎవరు మోస్తారు?"

"మరి నిన్నెందుకు తీసుకొస్తున్నాననుకున్నావురా?"